ఇంటిలో పడినవారు - ఇంటికి వచ్చినవారు



బజారులో కాలుజారి పడినవానిని పదిమంది చూతురు. ఒకరు చేయి పట్టుకొందురు, ఒకరు చెప్పులు ఏరి తెత్తురు, ఒకరు సోడా తెచ్చి ముఖమున చల్లుదురు. ఇంటిలో పడినవానిని గోడలు మాత్రమే చూచును. వీధిలో పడుట బహిరంగము, ఇంటిలో పడుట రహస్యము. కావున ఇంటిలో పడినవారికి అపరిచితుల దయ అందవలెనన్నచో ఆ దయ ముందుగా ఒక గడపను దాటవలసియున్నది. ఆ గడపనుగూర్చియే ఈ పాఠము.

పడుట చిన్న విషయమని తలచువారు మనలో పెక్కురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము లోకమున ఏటేట సుమారు 6,84,000 మంది క్రిందపడుటచేతనే మరణించుచున్నారు. ఉద్దేశపూర్వకము కాని గాయములవలన కలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. వీరిలో నూటికి ఎనుబదిమందికి పైగా మనవంటి బీద, మధ్యతరగతి దేశములవారు. ప్రాణాపాయము ఎక్కువగా ఉన్నది అరువది దాటినవారికి. పాము కాటునకు భయపడి దివిటీ పట్టుకొని నడచు మనము, స్నానాల గదిలోని నాచును చూచి భయపడము.

ఈ పాఠమునకు డొంకరాయిని రంగస్థలముగా తీసికొనుచున్నాను. తూర్పు కనుమలలో మాచ్ఖండ్ అను పేరున పారివచ్చి సీలేరుగా మారిన నది, ఎగువ సీలేరు విద్యుత్కేంద్రపు యంత్రములను త్రిప్పి, డొంకరాయి ఆనకట్ట వెనుక నిలుచును. అచట 25 మెగావాట్ల చిన్న కేంద్రమొకటి కలదు. అటుపై ఆ నీరే కాలువవెంట పోయి మోతుగూడెము వైపున దిగువ సీలేరు కేంద్రమున 115 మెగావాట్ల యంత్రములను నాలుగింటిని నడపును. చుట్టును అడవి, ఘాట్ రోడ్డు, వానకాలమున విరిగిపడు కొండచరియలు. విద్యుత్కేంద్రముల పనికై నానా జిల్లాలనుండి వచ్చినవారు ఇట్టిచోట్ల క్వార్టర్లలో కాపురముండిరి. కొండలపై కొండరెడ్లు, కోయలు, వాల్మీకులు మొదలగువారు తరతరములుగా ఉన్నారు. ఇచట అపరిచితుడెవ్వడు? మైదానమునుండి వెళ్ళినవానికి కొండవాడు అపరిచితుడు. కొండవానికి, నిన్న మొన్న లారీ దిగి సామాను దించుకొన్న మనమే అపరిచితులము. ఈ రెండవ వాక్యమును మనము తరచు మరతుము.

ఒక సంఘటనను కల్పించుకొందము. క్వార్టరులో డెబ్బదియేండ్ల వృద్ధురాలు ఒంటరిగా ఉన్నారు. కొడుకు షిఫ్టు డ్యూటీకి పోయినాడు. కోడలు పిల్లల చదువుకై పట్టణమున ఉన్నది. నాలుగు దినముల ముసురు. పూజకు ఉద్ధరిణె, చెంబు తోముకొనుటకు పెరటిలోనికి దిగిన ఆమె నాచుపై కాలుజారి ప్రక్కకు పడినారు. లేవబోయినారు, లేవలేకపోయినారు. వాన చప్పుడులో ఆమె పిలుపు ప్రక్క యింటికి వినబడలేదు. ఎంతో సేపటికి, అడ్డాకుల కట్టలు అమ్ముటకు కొండదిగి వచ్చిన ఒక స్త్రీ పెరటి తడికె ప్రక్కగా పోవుచు మూలుగు విన్నది.

ఆమె ఎదుట రెండు అడ్డంకులు కలవు. తడికె మొదటిది. రెండవది కంటికి కనబడదు. ఇల్లు పెద్దలది, తాను పిలువని పేరంటము. లోపలికి పోయినచో, తరువాత చెంబొకటి కనబడనిచో, ఎవరిని అడుగుదురు? బీదవారు పరుల గడప దాటుటకు వెనుదీయుట దయలేక కాదు, అనుభవము చేత. ఇట్టి సంకోచమును వారి మనస్సులో నాటినది మనమే. పట్టణమున ఫ్లాట్లలో నివసించు చదువరి కూడ ప్రక్క తలుపు మూలుగు విని "మనకెందుకు" అని తిరిగిపోవుట కలదు గాని, ఆ భయము వేరు, ఈ భయము వేరు. ఒకరిది సుఖమునకు భంగము కలుగునను భయము. మరొకరిది నింద పడునను భయము. ఆమె నిందకు ఓర్చి తడికె తీసినది. దయలో మొదటి భాగము ఇదియే.

రెండవ భాగము మరింత కష్టమైనది. అది చేతులు వెనుకకు తీసికొనుట. పడినవారిని చూచినంతనే రెండు చంకలక్రింద చేతులు వేసి లేపుట మన సహజ గుణము. ప్రేమ ఎంత ఎక్కువయైన అంత తొందరగా లాగుదుము. ఇది తప్పు. ముందు ప్రక్కన కూర్చుండవలెను, మాటలాడింపవలెను. "మామ్మగారూ, కదలకండి. ఎక్కడ నొప్పి? జారారా, కళ్ళు తిరిగి పడ్డారా?" అను ప్రశ్నలు పడినవారి మంచము ప్రక్కన వైద్యుడు తరువాత అడుగబోవు ప్రశ్నలే. కళ్ళు తిరిగి పడినచో కారణము గుండెలోనో, రక్తపుపోటులోనో, చక్కెర తగ్గుటలోనో ఉండవచ్చును. మాట తడబడినను, మూతి వంకరబోయినను అది పక్షవాతపు గుర్తు. అచట నిమిషము కూడ విలువైనది. తలకు దెబ్బ తగిలినవారు రక్తము పలుచనగుటకు మాత్రలు వాడుచున్నచో, పైకి బాగుగా కనబడినను ఆసుపత్రికి చేర్పవలసినదే.

వృద్ధులకు తుంటి ఎముక విరుగుట సామాన్యము. ఆ కాలు రెండవదానికంటె పొట్టిగా కనబడును, పాదము బయటివైపునకు వాలియుండును. అయితే ఈ గుర్తులు లేనంతమాత్రమున విరుగలేదని నిశ్చయింపరాదు. ఎముక బీటవారినవారు కొందరు లేచి నాలుగడుగులు వేయుట కూడ కలదు. గంటకు మించి నేలపై కదలక పడియున్నవారికి వేరొక ప్రమాదము ఉన్నది. శరీరభారముక్రింద నలిగిన కండరములు చెడి, ఆ మాలిన్యము రక్తమున కలిసి మూత్రపిండములను దెబ్బతీయగలదు. తడినేలపై ఒడలు చల్లబడును. కావున లేపకున్నను, పొడిగుడ్డ కప్పవలెను, వాననీరు మీద పడకుండ అడ్డుపెట్టవలెను, ఎంతసేపటి నుండి పడియున్నారో అడిగి గుర్తుంచుకొనవలెను. వేడి కాఫీ త్రాగించుట మన ఇండ్లలో తొలి ఉపచారము. స్పృహ సరిగా లేనివారి నోటిలో ఏదియు పోయరాదు. శస్త్రచికిత్స జరుగవచ్చునని తోచినచో స్పృహగలవారికైనను వైద్యుని అడుగకుండ తిండి పెట్టకుండుటయే మేలు. కాఫీ తెచ్చిన ఇల్లాలు నొచ్చుకొనవచ్చును, నొచ్చుకొననిండు.

పుత్తూరు కట్టునకు తెలుగునాట గొప్ప పేరు కలదు. దానిని నమ్మువారితో నాకు వాదము లేదు. కాని వృద్ధుల తుంటి విరిగినపుడు కట్టుకట్టి నెలలతరబడి మంచమున పరుండబెట్టుట ప్రమాదకరము. పుండ్లు పడును, ఊపిరితిత్తులలో జబ్బు చేరును, కాలి నరములలో రక్తము గడ్డకట్టును. అనుకూలమైనచో ఒకటి రెండు దినములలో శస్త్రచికిత్స చేసి త్వరగా కూర్చుండబెట్టి నడిపించుటయే నేటి వైద్యుల మార్గము. విరిగిన ఎముకకంటె పరుపు ఎక్కువమందిని చంపినది.

ఇక దారి. అత్యవసరమునకు 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై తెలుగునాట అంతటను వ్యాపించినది. ఆ అంకెను పిల్లవానికి కూడ నేర్పవలెను. అయితే ఫోను పలుకని లోయలు, బండి ఎక్కలేని బాటలు ఈ కొండలలో ఉన్నవి. అచట మనుష్యుల భుజములే బండి. దానినే డోలీ అందురు. గట్టి కఱ్ఱకు దుప్పటిని ఉయ్యెలగా కట్టి, లేదా బుట్టనో మంచమునో వ్రేలాడదీసి, ముందొకరు వెనుకనొకరు భుజమున మోయుదురు. ప్రక్కన నడచువారు దారిలో భుజము మార్చుకొందురు. వాగు వచ్చినచో ఒకడు ముందుగా దిగి లోతు చూచును. స్త్రీలు నీళ్ళకుండతోను, చంటిబిడ్డతోను వెంట నడతురు. ఎవరును పిలువనక్కరలేదు; డోలీ కట్టుచున్నారని తెలిసినంతనే పొలమునుండి వచ్చి భుజము పట్టుదురు. మోయువానికి రోగి మేనమామ కావచ్చును, ఏమియు కాకపోవచ్చును. తన వాటా దూరము మోసి, ప్రక్క గూడెమువానికి కఱ్ఱ అప్పగించి, తాను వెనుదిరిగి పోవువాడు రోగి ముఖమునైనను చూడకపోవచ్చును.

డోలీ విషయమున ఒక మెలకువ చెప్పవలసియున్నది. జ్వరముతో పడియున్నవానికి దుప్పటి ఉయ్యెల చాలును. తుంటియో వెన్నెముకయో విరిగినదని అనుమానమున్నచో ఉయ్యెలలో ఒడలు విల్లువలె వంగును, విరిగిన కొనలు కదలును. అట్టివారికి బల్లపరుపుగా నుండు ఆధారము కావలెను. బిగువైన నులకమంచము, దానిపై చెక్క, లేదా ఊడదీసిన తలుపు రెక్క పనికివచ్చును. తలను, నడుమును, కాళ్ళను ఒక్కసారిగా పట్టుకొని, ఒకరు ఒకటి రెండు మూడని లెక్క చెప్పగా, అందరు ఒకే మారు ఎత్తవలెను. కాళ్ళ నడుమ మెత్తని గుడ్డపెట్టి, విరిగిన కాలిని మంచి కాలితో కలిపి వెడల్పాటి గుడ్డపట్టీలతో కట్టినచో కదలిక తగ్గును. అంబులెన్సు తలుపు వరకే వచ్చుననినచో ఇవేవియు చేయక, వచ్చువారికొరకు వేచియుండుట ఉత్తమము.

డోలీని పొగడుచు వ్రాయువారున్నారు. భుజమును పొగడవచ్చును, డోలీని పొగడుట నాకు సమ్మతము కాదు. కొండవారు దయామయులు గనుక రోడ్డు లేకున్నను గడచునని అనుకొనుట దయను దోచుకొనుటయే. మోసినవాని దయ ఎంత గొప్పదో, వానిచే మోయించిన వ్యవస్థ లోపము అంత గొప్పది. రెండింటిని ఒకే నోటితో చెప్పవలెను.

ఇపుడు మన ఇండ్లకు సంబంధించిన సున్నితమైన మాటకు వచ్చుచున్నాను. లింగధారులు కానివారిని భవులని పిలిచి, వారి స్పర్శను, వారి చేతి నీటిని దూరముగా ఉంచిన ఆచారము మన పెద్దలలో కొందరికి ఉండినది. నేటికిని కొందరి నోట ఆ మాట వినబడును. పెరటిలో పడిన వృద్ధురాలిని అడ్డాకుల స్త్రీ ముట్టవచ్చునా అని ఎవరైన సందేహించినచో, అతడు బసవేశ్వరుని చరిత్రను చదువలేదని చెప్పవలెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినదనియు, అందుకై బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులను చంపించెననియు మన సంప్రదాయము చెప్పును. ఆ రక్తము చిందినది ముట్టు అంటు పాటించుటకు కాదు. వచ్చినవానిని ఎవరివాడని విచారింపక మనవానిగా ఎంచవలెనను బసవన్న బోధ, పీటపై కూర్చుండి పరులకు పెట్టునపుడు మాత్రమే కాదు, నేలపై పడియుండి పరులచేత ఎత్తబడునపుడు కూడ వర్తించును. పెట్టునపుడు పాటించుట సులభము. ఎత్తబడునపుడే పరీక్ష.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. మీలో పెక్కురు బడిలోనే చదివియుందురు. శివునికి తల్లి లేదని జాలిపడి, ఆయనను కన్నబిడ్డగా సాకిన ముగ్ధురాలామె. బిడ్డకు జబ్బుచేసినదని తల్లడిల్లిన తీరును సోమనాథుడు ఎంత మురిపెముగా చెప్పెనో చదివినవారికి తెలియును. తల్లి లేనివానికి తల్లియగుట ఆమె భక్తి. వాన నీటిలో పడియున్న పరుల తల్లి తలక్రింద తన కొంగు మడిచిపెట్టిన స్త్రీని బెజ్జమహాదేవి వరుసలో కూర్చుండబెట్టుటకు నాకు సంకోచము లేదు. ఆమె మెడలో లింగము ఉన్నదా లేదా అని సోమనాథుడు అడుగునా అని కూడ ఆలోచించితిని. అడుగునేమో! ఆయన నిష్ఠ అట్టిది. కాని ఆ కథ నాకు నేర్పినది మాత్రము ఇది.

ఇష్టలింగము విషయమున గృహస్థులు ముందుగానే యోచించి ఉంచుకొనవలసినది ఒకటి కలదు. లింగమును ఒడలినుండి వేరుచేయరాదను నియమము మనకు ప్రాణసమానము. ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీయునపుడు వెండిబరిణె అడ్డువచ్చును. శస్త్రచికిత్సకు ముందు ఒంటిమీది లోహములన్నియు తీయుమందురు. ఎం.ఆర్.ఐ. గదిలోనికి కొన్ని లోహములు పోవుట ప్రాణాపాయము కనుక అచట వాదమునకు తావేలేదు. ఇట్టి గడియలో కుటుంబమువారు నర్సుతో కలహించుట, రోగి కన్నీరు పెట్టుకొనుట తగదు. లోహపు బరిణెకు బదులు గుడ్డసజ్జెలో ఉంచి చేతికి కట్టవచ్చునా, శస్త్రచికిత్స గది వెలుపల ఎవరు ధరించి లేదా చేతబట్టి ఉండవలెను అను సంగతులను ఆరోగ్యముగా ఉన్నపుడే తమ గురువులను అడిగి తెలిసికొనవలెను. మఠములవారు కూడ ఈ ప్రశ్న వచ్చువరకు ఆగక, పర్వదినములలో భక్తులకు చెప్పుట మంచిది. అపరిచితుడు తెలియక శివదారమును కత్తిరించినచో అతనిని దూషింపరాదు. ఊపిరాడుటకై రవికె వదులుచేయబోయిన చేతికి దారమేదో, తాడేదో తెలియదు.

ఎత్తినవానికి ఏమి ఇయ్యవలెను? ఇది సభలలో ఎవరును మాట్లాడని సంగతి. దాసోహమనగా నేను ఇచ్చుచున్నానను భావము లేక ఇచ్చుట. పుచ్చుకొనుటలో కూడ ఇట్టి వినయమే కావలెను. నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టి తలుపు వేసికొనుట అవమానము. ఏమియు ఇయ్యక "నీ ఋణము తీర్చుకొనలేను నాయనా" అని కన్నీటితో సాగనంపుట కూడ అన్యాయమే. డోలీ మోసినవానికి ఆనాటి కూలి పోయినది. అడ్డాకులామెకు ఆ కట్టలు వానలో తడిసి పాడైనవి. కాయకమును కైలాసముగా ఎంచు మనము ఎదుటివాని కాయకమునకు కలిగిన నష్టమును ఎరుగకుండుట ఎట్లు? నష్టమును నష్టముగా అడిగి తీర్చవలెను. దయకు వెల కట్టరాదు. రెండును వేరు. కూర్చుండబెట్టి భోజనము పెట్టవలెను. అరుగుపై కాదు, ఇంటివారు కూర్చుండు చోటనే. తిరిగిపోవు దారి ఎక్కుడు దారి. చీకటి పడినచో బ్యాటరీ దీపమిచ్చి పంపవలెను.

అసలు ఋణము వేరొకనాడు తీరును. ఆ గూడెమున ఒక స్త్రీ ప్రసవవేదనతో డోలీలో దిగివచ్చునాడు, క్వార్టరు ముందున్న కారు తాళములు ఎంత త్వరగా బయటికి వచ్చునో చూడవలెను. సీటు పాడగునని, రాత్రి ఘాట్ రోడ్డని, రేపు డ్యూటీ అని సాకులు దొరకును. ఎవరో మోసిన మంచముపై మన తల్లి ఆసుపత్రి చేరినదను సంగతి ఆ క్షణమున గుర్తుకు వచ్చినచో చాలును.

సహాయము చేసినచో పోలీసు తగవున చిక్కుకొందుమను భయము కొందరికి ఉన్నది. గాయపడినవారు ఎవరైనను, కాగితముల పనికై ఆగక ముందు ప్రాణము కాపాడుట వైద్యుని విధియని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రోడ్డు ప్రమాదమున సాయపడినవారిని వేధింపరాదను మార్గదర్శకములను 2016లో అదే కోర్టు ఖాయపరచినది. 2019లో మోటారు వాహనముల చట్టమున ఆ రక్షణను చేర్చిరి. ఈ రెండవది రోడ్డు ప్రమాదములకు ఉద్దేశింపబడినది గాని, దాని వెనుకనున్న న్యాయము ఇంటి గడపవద్ద ఆగునది కాదు.

వృద్ధులు ఒంటరిగా ఉండు ఇండ్లవారు అపరిచితుని రాకకు తావు ఉంచవలెను. లోపల గడియ వేసికొని స్నానాల గదికి పోవుట వృద్ధుల అలవాటు. పడినపుడు తలుపు బ్రద్దలుకొట్టవలసి వచ్చును. వెలుపలినుండి తీయుటకు వీలైన గడియ పెట్టింపుడు. మెడలో ఒక ఈలను కట్టుకొనుట నవ్వులాట కాదు; వాన చప్పుడులో గొంతుకంటె ఈల దూరము పోవును. వాడు మందుల పేర్లు, బిడ్డల ఫోను అంకెలు తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి తలుపు లోపలివైపున అంటింపుడు. పెరటి నాచుపై వారమునకొకమారు సున్నమో బ్లీచింగు పొడియో చల్లి చీపురుతో రుద్దింపుడు. ప్రతిదినము తడికె ప్రక్కగా పోవు పాలవానిని, ఆకులామెను, కట్టెలవానిని పేరడిగి తెలిసికొనుడు. ఎండవేళ మంచినీళ్ళిచ్చి, "మా అమ్మ ఒక్కర్తే ఉంటుంది, వెళ్ళేటప్పుడు ఒకసారి పిలిచి పోమ్మా" అని చెప్పుడు. అట్లు పిలుచుటకు అనుమతి పొందినవారు తడికె తీయుటకు నిందకు వెఱవరు.